సైకిల్ ట్యూబు శ్రుతి

ఫోన్‌లో పాట మొదలైంది. మొదటి చరణం సగంలో ఉండగానే మా మేనకోడలు, "ఎవరు మామయ్యా ఈ పిల్ల? సన్నగా, తీగలాగా పాడుతోంది" అంది.

ఆ పిల్ల ఎవరో కాదు, వాళ్ళమ్మే.

వాళ్ళమ్మ, అంటే మా అక్క, అక్కడే ఉంది. నా కొట్లో సగం కుట్టిన బస్సు సీటు మీద కూర్చుని వింటోంది. నేను బస్సు సీట్లు కుడతాను. రెగ్జిన్, స్పాంజి, మేకులు, సుత్తి. అక్క పక్క వీధి లాండ్రీలో ఇస్త్రీ మెషీన్ దగ్గర పనిచేస్తుంది. మధ్యాహ్నం ఖాళీ దొరికితే వచ్చి ఆ రోజు ఏ సీటు మీద పనిచేస్తుంటే దాని మీదే కూర్చుంటుంది. "ప్రయాణం లేని బస్సు రా నీది" అంటుంది.

ఆ రోజు అలాంటిదేమీ అనలేదు. పాట అయ్యేదాకా విని, "ఇది నేను కాదు" అంది. లేచి కొంగు దులుపుకుని పనికి వెళ్ళిపోయింది.

ఆ పాట మా ముగ్గురిదీ. అక్క పాడేది, మేం పొడుగు అని పిలిచే మా స్నేహితుడు గిటార్ వాయించేవాడు, నేను డోలు. కుర్రతనంలో మేం పల్లె పాటకి కరెంటు గిటార్ తగిలించి పాడేవాళ్ళం. రేడియోవాళ్ళు మా చేత కొన్ని పాటలు పాడించి రికార్డు చేసుకున్నారు. కొత్త బృందం సొంత పాటలు పాడకూడదని అప్పుడు వాళ్ళ నియమం. ఎవరో పాడి, పేరు తెచ్చుకున్న పాటలే మళ్ళీ పాడాలి. సొంత పాటలకి ముందు పెద్దమనుషులు కూర్చుని ఆమోదించాలట. మా పాటల్ని ఆమోదించడానికి ఆ పెద్దమనుషులు ఇంకా కూర్చోలేదు.

ఇన్నేళ్ళకి రేడియో పాత టేపుల గదిలో అవి బయటపడ్డాయి. వాటిని శుభ్రం చేసి ఆల్బమ్‌గా తెస్తామని ఒక సౌండ్ ఇంజనీరమ్మాయి ఫోన్ చేసింది. నేను వద్దన్నాను. మా మొహాలు ఎవరికి గుర్తున్నాయి, ఎందుకొచ్చిన గొడవ అన్నాను. అక్కే ఒప్పుకుంది.

ఒప్పుకున్నది పేరు కోసం కాదు, కూతురి కోసం. మా మేనకోడలికి వాళ్ళమ్మ గొంతే వచ్చింది. బావిలోంచి వచ్చినట్టు, బరువుగా, కిందనుంచి. ఫోన్లో ఎవరైనా దాన్ని "చెప్పండి సార్" అనే అంటారు. ఒక కంపెనీలో ఫోన్ల మీద ఆర్డర్లు తీసుకునే ఉద్యోగం వస్తే, ఆ సార్లు పడలేక వెనక గోడౌన్‌లో అట్టపెట్టెలు కట్టే పనికి మారిపోయింది. ఫోన్ మోగితే పక్కనున్నవాళ్ళ చేతిలో పెట్టేస్తుంది. కొట్లో దాని ఫోన్లకి జవాబు చెప్పేది నేనే. 

వాళ్ళమ్మ పాడగా అది ఎన్నడూ వినలేదు. అది పుట్టేనాటికే అక్క పాట మానేసి చాలా ఏళ్ళయింది. మా దగ్గర ఒక్క కాపీ కూడా లేదు. "ఒక్క పాట వింటే చాలురా. ఈ గొంతుతో కూడా బతకొచ్చని దానికి తెలుస్తుంది. నేను చెప్తే వినదు. పాట చెప్తే వింటుంది" అంది అక్క నాతో.

తీరా పాట వచ్చింది. అందులో ఉన్నది ఎవరో సన్న గొంతు పిల్ల.

*

ఇది ఎలా జరిగిందో నాకు వెంటనే అర్థమైంది. ఇంకొకడికి కూడా అర్థమై ఉండాలి. వాడు పొడుగు.

అప్పట్లో మా ఇంట్లో పాటలు వినే సాధనం ఏదీ లేదు. పొడుగు వాళ్ళ అన్న దగ్గర ఒక టేప్ రికార్డరు, ఊరూరి జానపదాల క్యాసెట్లు కొన్ని ఉండేవి. పడవవాళ్ళ పాటలు, కట్టెలు కొట్టేవాళ్ళ పాటలు, కొండవాళ్ళ పాటలు, వాటికి గిటార్లు కట్టి పాడిన బ్యాండ్లు. ఆ టేప్ రికార్డరు లోపల తిప్పే బెల్టు తెగిపోయింది. పొడుగు పాత సైకిల్ ట్యూబు తెచ్చి, కత్తెరతో సన్నగా ఉంగరంలా కోసి, బెల్టు బదులు బిగించాడు. తిరిగింది. వాడు చేతులు దులుపుకుని, "ఇక చూస్కో, జీవితాంతం ఢోకా లేదు" అన్నాడు.

ఢోకా ఉంది. దళసరి రబ్బరు, మోటారుని పట్టుకుని వెనక్కి లాగేది. ప్రతి క్యాసెట్టూ ఒకే లెక్కన నెమ్మదిగా తిరిగేది. నెమ్మదిగా తిరిగితే పాట సాగుతుంది, గొంతు దిగుతుంది. మాకేం తెలుసు? ఆ పాటలు మేం ఇంకెక్కడా వినలేదు. అవి అలాగే ఉంటాయి కాబోలు అనుకున్నాం.

అంతకుముందు దాకా అక్క ఎక్కడ నోరు తెరిచినా, "నువ్వు వెనక నుంచో అమ్మా, ఊరికే పెదాలు కదుపు" అనేవాళ్ళు. ఆ గదిలో, ఆ డొక్కు టేప్ రికార్డరు ముందు కూర్చుని మొదటిసారి విన్నప్పుడు దాని మొహం నాకు ఇప్పటికీ కళ్ళ ముందుంది. పాడేవాళ్ళందరికీ, ఆడవాళ్ళకి కూడా, బరువైన గొంతులే.

"ఇంతమంది ఉన్నారా రా నాలాంటివాళ్ళు!" అంది.

ఆ నమ్మకంతోనే పాడింది. పాట దిగొచ్చి మా అక్క గొంతులో కూర్చుంది. పొడుగు కూడా గిటార్ తీగల్ని ఆ టేప్ రికార్డరుకే శ్రుతి చేసేవాడు. మా దగ్గర శ్రుతి అంటే అదే.

రేడియోలో మా పాటలు వచ్చాక, ఇంత నిదానంగా, ఇంత కిందనుంచి ఎవరూ పాడలేదే అని జనం అడిగారు. అప్పటికింకా మాకు సంగతి తెలీదు. ఒకరోజు టీ కొట్లో అసలు పాట విన్నాం. పరుగెడుతోంది. "వీళ్ళెవర్రా, మన పాటని కుక్క తరిమినట్టు పాడుతున్నారు?" అన్నాను. పొడుగు మొహం పాలిపోయింది. వాడికి ట్యూబు గుర్తొచ్చింది. "ఎవరితోనూ అనకు" అన్నాడు. ఆ తర్వాత పేపరువాడు అడిగితే, "మేం నిదానాన్ని ఒక విలువగా ఎంచుకున్నాం" అని చెప్పాడు. గాడిద గుడ్డేం కాదూ!

తర్వాత ఒక కంపెనీ వచ్చింది. బృందం కావాలి, కానీ పాటలు అసలు శ్రుతిలో ఉండాలి అంది. ఆ ఎత్తుకి అక్క గొంతు వెళ్ళదు. ఇంకో గాయనిని పెట్టారు. పొడుగు వాళ్ళతో వెళ్ళాడు. అక్క ఇస్త్రీ మెషీన్ దగ్గరికి వెళ్ళింది. డోలు వాయించేవాడు వాళ్ళకి అప్పటికే ఉన్నాడు కాబట్టి నేనెక్కడికి వెళ్ళానో ఎవరూ అడగలేదు. ఇక్కడికే వచ్చాను. బస్సు సీట్ల దగ్గరికి.

అప్పుడు పాట ఎత్తు పెంచి మనిషిని తీసేశారు. ఇప్పుడు మనిషిని ఉంచి, ఆ మనిషి గొంతునే పెంచేశారు.

*

సాయంత్రం అక్క దగ్గరికి వెళ్ళి, "రేడియోకి వెళ్దాం పద. చెప్పి సరి చేయిద్దాం" అన్నాను.

"వద్దులే. బాగుందన్నది కదా పాప. ఆ పిల్లెవరో బాగానే పాడింది."

"అక్కా!"

"ఏంట్రా అక్కా అక్కా? వెళ్ళి ఏమని చెప్పను? నా గొంతు అంత బాగుండదమ్మా, కాస్త తగ్గించి పాడు చెయ్యి అనా?"

తలుపు దగ్గర మేనకోడలు నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో.

"అయితే అది నిజంగా నువ్వేనా అమ్మా?" అంది.

మర్నాడు అక్క లాండ్రీలో సెలవు చెప్పి వచ్చింది. కూతురు కూడా వెంట వచ్చింది.

రేడియో భవనం మారలేదు. అవే బరువైన తలుపులు, అదే ఎర్ర బల్బు. ఆ రోజుల్లో నా డోలు మోత ఎక్కువని, మైకుకి దూరంగా నన్ను ఈ గుమ్మం దగ్గరే కూర్చోబెట్టారు. అదే గుమ్మం. కాలితో ఒకసారి తన్ని లోపలికి వెళ్ళాను.

లోపల పొడుగు ఉన్నాడు. ఆల్బమ్ అట్ట మీద వేయడానికి ముందుమాట రాసుకొచ్చాడట. జుట్టు తెల్లబడింది, కళ్ళజోడు వచ్చింది, పొడుగు మాత్రం తగ్గలేదు. అక్కని చూడగానే లేచి నిలబడ్డాడు.

"బాగున్నావా అక్కా?" అన్నాడు. వాడు కూడా దాన్ని అక్కా అనే పిలిచేవాడు. ఆ పిలుపు ఇంకా వాడి దగ్గర ఉందంటే నాకు ఒళ్ళు మండింది.

"బాగున్నాను. నువ్వేంటి, ఇంత చిక్కిపోయావ్? ఎవరూ అన్నం పెట్టట్లేదా?" అంది అక్క. దాని కోపాలు అలా ఉంటాయి. దాని వాటా కోపం కూడా నేనే పడాలి.

ఇంజనీరమ్మాయి మంచి పిల్లే. కుర్చీలు వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. పాట వేగం మార్చారు కదమ్మా అంటే, అవునంది. ఎందుకో ఓపిగ్గా చెప్పింది.

"అసలు పాటలతో పోల్చి చూశానండీ. మీ పాటలన్నీ వాటికంటే కిందకి ఉన్నాయి. అది మామూలే, ఎవరి వీలు వాళ్ళది. కానీ అన్నీ సరిగ్గా ఒకే కొలతలో దిగాయి. మనుషులు అలా దించరు. ఒక పాట కొంచెం ఎక్కువ, ఒక పాట తక్కువ దించుతారు. ఇలా దించేది మెషీనే. అప్పటి రేడియో మెషీన్ వేగంలో తేడా ఉందని తేలింది. దాన్ని సరిచేశాను, అంతే."

తప్పు పట్టడానికి లేదు. ఆమె చెవి మంచిదే.

"మెషీనే దించిందమ్మా. కాకపోతే మీ మెషీన్ కాదు, మాది" అన్నాను. ట్యూబు సంగతి చెప్పాను. ఆమె నవ్వాలో వద్దో తేల్చుకోలేక పొడుగు వైపు తిరిగింది.

"సార్, మీరు ముందుమాటలో వేరేలా రాశారు కదా?"

పొడుగు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"అంటే... ఆ రోజుల్లో మేం, నిదానం అనేదాన్ని..." అన్నాడు.

"ఒరేయ్ పొడుగూ, చెప్పరా! ఏ సైకిల్‌ది ఆ ట్యూబు? ఎవరు కోశారు?"

"నువ్వు అరవకు."

"ముప్పై ఏళ్ళ నుంచి గుమ్మం దగ్గరున్నాను. అరవకపోతే లోపలికి ఎలా వినపడుతుంది?"

"ఆపండి ఇద్దరూ" అంది అక్క. ఇద్దరం నోరు మూసుకున్నాం. అది ఎప్పుడూ అంతే. పాటకి ముందు మా ఇద్దరి గొడవ, దాని మీద అక్క కసురు, ఆ తర్వాతే డోలు మీద మొదటి దెబ్బ.

అక్క ఇంజనీరమ్మాయి వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు సరిచేయకముందు ఎలా ఉందో, అలా ఒకసారి వినిపిస్తావా? మా అమ్మాయి వింటుంది."

ఆమె వినిపించింది.

మొదట నా డోలు. దూరంగా, పక్కింట్లో ఎవరో తలుపు కొడుతున్నట్టు. తర్వాత పొడుగు గిటార్, తీగలు వదులుగా, నేలకి దగ్గరగా. ఆపైన అక్క.

*ఎటు పోతావే ఏటి నీరా*
*నేనూ వస్తా నిలబడవే*

ఆ గొంతు గదిలోకి రాలేదు. గది కిందనుంచి లేచింది. నేను మా మేనకోడలి వైపు చూశాను. అది కుర్చీ అంచుకి జరిగి, గొంతు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. తన గొంతు తన దగ్గరే ఉందా, ఎవరైనా తీసుకెళ్ళి ఆ పెట్టెలో పెట్టారా అని చూసుకుంటున్నట్టు.

"నిజం చెప్పాలంటే," అంది ఇంజనీరమ్మాయి, "ఇలా విన్నప్పుడు ఎవరో అబ్బాయి పాడాడనుకున్నానండీ. పేరు చూస్తే ఆడమనిషి. అందుకే మెషీన్ తేడా అని ఇంకా గట్టిగా అనిపించింది."

ఆమె మామూలుగానే అంది. కానీ మేనకోడలు తల దించేసుకుంది. అక్క అది చూసింది.

పాట నడుస్తూనే ఉంది. రెండో చరణం దగ్గర అక్క కూర్చున్న చోటే నోరు తెరిచింది.

మొదట గాలే వచ్చింది. ఎన్నో ఏళ్ళు మూసి ఉన్న కొట్టు షట్టరు ఎత్తినట్టు ఒక గరగర. నేను నేల చూపులు చూశాను. ఇది నిలబడకపోతే ఆ పిల్ల ముందు దీని మొహం ఎలా ఉంటుందో నేను చూడదలుచుకోలేదు. మూడో మాటకి గొంతు పట్టు దొరికింది. పెట్టెలో ఉన్న అక్క, కుర్చీలో ఉన్న అక్క ఒకే మెట్టు మీద నడిచారు. పెట్టెలోది పడుచుది, నున్నగా ఉంది. కుర్చీలోది ఆవిరికీ ఎండకీ అరిగి, అంచులు చీకి ఉంది. కానీ ఒకే గుడ్డ. రెండు ముక్కలూ ఒకే తానులోవని నాలాంటి కుట్టుపనివాడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంజనీరమ్మాయి చెయ్యి చాచి టేపుని ఆపింది. అక్క ఆగలేదు.

అప్పుడు పొడుగు లేచాడు. గోడకి ఆనించి ఉన్న గిటార్ అందుకున్నాడు. రేడియోవాళ్ళది, చక్కగా శ్రుతి చేసి పెట్టింది. వాడు ఒక్కొక్క మరనీ వెనక్కి తిప్పి తీగలు వదులు చేశాడు. ఏ వాద్యాన్నీ అడగలేదు, ఏ మీటనీ నొక్కి చూడలేదు. ఇన్నేళ్ళూ ప్రపంచమంతా ఒప్పుకున్న శ్రుతిలో వాయించి పేరు తెచ్చుకున్నవాడి వేళ్ళు, సైకిల్ ట్యూబు శ్రుతి ఎక్కడుందో తిన్నగా అక్కడికి వెళ్ళి ఆగాయి.

వాయించాడు. అక్క వాడి వైపు చూడకుండానే వాడి కోసం అర క్షణం ఆగి, మళ్ళీ అందుకుంది.

నా ఒళ్ళు మంటంతా చేతుల్లోకి వచ్చింది. నేను కూర్చున్న కుర్చీకి స్పాంజి సీటు ఉంది. ఎవడు కుట్టాడో గానీ బిగుతుగా కుట్టాడు, మంచి మోత. ముందుకి వంగి దాని అంచు మీద వాయించాను. ఇంజనీరమ్మాయి మెల్లగా ఒక మైకు తెచ్చి మా ముగ్గురికీ మధ్యలో పెట్టింది. గుమ్మం దగ్గరికి పొమ్మనలేదు.

పాట అయిపోయింది. అక్క దగ్గింది. మంచినీళ్ళు తాగింది.

"మా అన్న సైకిల్‌ది" అన్నాడు పొడుగు, గిటార్‌తో చెబుతున్నట్టు. "వెనక చక్రం ట్యూబు. నేనే కోశాను. ఇన్నాళ్ళూ చెప్పలేదు." తర్వాత తల ఎత్తి, "అక్కా, ఆ కంపెనీవాడు శ్రుతి పెంచమన్నప్పుడు, మా పాట ఇదే అని అనాల్సింది. అనలేదు" అన్నాడు.

"ఇప్పుడు అను" అంది అక్క.

"మా పాట ఇదే" అన్నాడు వాడు, బడిపిల్లాడిలా.

ఇంజనీరమ్మాయి ఇక ఆపుకోలేక నవ్వేసింది. "నాకింక వేరే రుజువు అక్కర్లేదండీ" అని, తాను చేసిన సవరణ మా కళ్ళ ముందే తీసేసింది. "మీ టేపులు ఎలా ఉన్నాయో అలాగే వస్తాయి. ఇప్పుడు పాడింది కూడా రికార్డయింది. మీరు ఒప్పుకుంటే చివర్లో పెడతాను. కానీ సార్, మీ ముందుమాట?"

"చింపెయ్యండి. మళ్ళీ రాస్తాను."

"రాస్తాడమ్మా. సైకిల్ ట్యూబుని కూడా ఒక విలువగా ఎంచుకున్నాం అని రాస్తాడు" అన్నాను. వాడు నవ్వాడు. వాడితో నాకు ఇంకా చాలా లెక్కలున్నాయి, ఒక్క పాటకి తీరేవి కావు. కానీ వచ్చే వారం కొట్టుకి వస్తానంటే రావద్దని అనలేదు. కూర్చోవడానికి సీట్లకేం తక్కువ లేదు.

బయటికి వచ్చాం. ఎండ తగ్గుతోంది. మేనకోడలు ఫోన్‌లో ఆటో బుక్ చేసింది, కాసేపటికే ఆ ఫోన్ మోగింది. అలవాటు కొద్దీ నేను చెయ్యి చాచాను. అది ఫోన్ నా చేతిలో పెట్టలేదు. చెవికి పెట్టుకుని "హలో" అంది.

అవతల ఆటోవాడి గొంతు నాకూ వినపడింది. "సార్, ఎక్కడున్నారు సార్?"

అది వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మ రోడ్డు వైపు చూస్తూ ఇంకా లోలోపల అదే పాట కూనిరాగం తీస్తోంది.

"రేడియో గేటు దగ్గర. సార్ కాదు, మేడం" అంది మా మేనకోడలు, కిందనుంచి, నిదానంగా, పూర్తి గొంతుతో. "ముగ్గురం ఉన్నాం, రండి."

అటుగా నడిచిపోతున్న ఒకాయన ఆ గొంతు విని వెనక్కి తిరిగి చూశాడు. ఈసారి అది తల దించుకోలేదు.